కోతకు లెక్కుంది, చూపుకు లెక్కేది?

బెలుం గుహల పొడవెంతో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు: 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని పుస్తకానికెక్కించాడు. మళ్లీ వందేళ్లకు, 1982-84 మధ్య, డానియెల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం వచ్చి లోపలి దారులన్నీ కొలిచి పటం గీసింది. చీకటి గుహకు అంత పక్కా కొలత ఉన్న చోట, ఆ గుహల పైన బతికే మనుషుల చూపుకు కొలత ఏదని అడిగితే మాత్రం వేరే రకం జవాబు వస్తుంది. ఫలానా రోజు కొలిమిగుండ్లలోనో కోవెలకుంట్లలోనో ఉచిత కంటి శిబిరం పెట్టారు, ఇన్ని వందల మందిని పరీక్షించారు, ఇంతమందికి శుక్లాల ఆపరేషన్ చేయించారు. వార్త అక్కడితో అయిపోతుంది. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా, రాష్ట్రంలో మరెక్కడైనా ఇదే వరస. కట్టు విప్పిన నెలన్నరకు ఆ మనిషికి ఆ కంటితో ఎంత దూరం కనిపిస్తోంది, బియ్యంలో రాళ్లు ఏరుకోగలుగుతోందా, బస్సు మీద బోర్డు చదవగలుగుతున్నాడా అన్నది వార్తల్లోకి రాదు, ప్రగతి నివేదికల మొదటి పేజీకీ ఎక్కదు. శుక్లాల విషయంలో మన అసలు లోపం అక్కడుంది. మనం ఆపరేషన్లను లెక్కపెడుతున్నాం, లెక్కపెట్టాల్సింది చూపును.

ముందు జబ్బు సంగతి. పొర అంటున్నాం గానీ శుక్లం కంటి మీద పైన పరుచుకునే పొర కాదు. కంటిపాప వెనక పారదర్శకంగా ఉండే కటకమే వయసుతో మసకబారుతుంది. అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి వెలుతురును చెదరగొడతాయి. అందుకే మొదట్లో ఎదురుగా వచ్చే బండి లైటు చెదిరి కొట్టినట్టు ఉంటుంది, రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి, అద్దాల నంబరు ఊరికే మారుతుంటుంది. దీన్ని కరిగించే చుక్కల మందు ఇప్పటిదాకా లేదు. తేనె వేసినా, పసరు పిండినా, ఖరీదైన సీసా కొన్నా తేడా ఉండదు. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం పెట్టడం ఒక్కటే దారి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టిన ఈ పద్ధతి చాలాకాలం ఉన్నవాళ్లకే అందింది. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి కటకాలను ఇక్కడే తయారు చేశాక ధర నేలకు దిగింది. అంటే మందు లేదన్న బాధ గానీ, ఖరీదన్న బాధ గానీ ఇప్పుడు శుక్లానికి పెద్ద అడ్డంకి కాదు.

అడ్డంకి ఒకటి మనసులో ఉండిపోయింది. పొర బాగా ముదరాలి, పండాలి, అప్పుడే తీయాలి అన్న మాట ఇప్పటికీ పల్లెల్లో వినిపిస్తుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. వెనకటి పద్ధతిలో కటకాన్ని సంచితో సహా బయటికి లాగేవాళ్లు. బాగా ముదిరిన కటకమైతే తేలిగ్గా వచ్చేది. పైగా ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తడుముకుంటూ నడవాలి కాబట్టి, ఉన్న కాస్త చూపు పూర్తిగా పోయేదాకా ఆగడమే లాభమని ఆ రోజుల్లో వైద్యులే చెప్పారు. వైద్యం మారింది, ఆ సలహా మాత్రం తాత నోటి నుంచి మనవడి నోటికి చేరింది. ఇప్పటి పద్ధతిలో ముదరబెట్టడమే ప్రమాదం. గట్టిపడిన కటకాన్ని తీయడం కష్టం, చుట్టూ ఉన్న సున్నితమైన పొరలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. మరీ ముదిరితే కటకంలోని పదార్థం కారి, కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పితో కన్నే పోవచ్చు. రోజువారీ పనికి చూపు అడ్డం వస్తున్నప్పుడే చేయించుకోవాలి. అంతకన్నా ముందూ అక్కర్లేదు, తర్వాతా మంచిది కాదు.

ఈ ఆలస్యంలో కనబడని ఇంకో ముప్పు ఉంది. చూపు తగ్గిన ప్రతి ముసలాయనా పొరేలే, పండనీ అనుకుంటాడు. కానీ మసక వెనక నీటికాసులు ఉండొచ్చు, చక్కెర వ్యాధి వల్ల కంటి వెనక తెర చెడుతుండొచ్చు. శుక్లంతో పోయిన చూపు తిరిగి వస్తుంది, నీటికాసులతో పోయింది తిరిగి రాదు. నొప్పి లేకుండా, పక్కచూపును మెల్లగా తినేస్తూ వచ్చే జబ్బు అది. మన దగ్గర అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు. రెండేళ్లు పండించుకుని శిబిరానికి వస్తే, శుక్లం తీసినా వెలుగు రాలేదన్న నింద ఆపరేషన్ మీద పడుతుంది. ఆ ఒక్క మాటతో ఆ వీధిలో మరో నలుగురు ఆగిపోతారు.

లెక్కల దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద కంటి జబ్బుల గురించి జరిగిన పెద్ద అధ్యయనం 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం. పది వేల మందికి పైగా మనుషులను పరీక్షించారు. తేలిందేమిటంటే నూటికి దాదాపు ఇద్దరు అంధులు. వారిలో 44 శాతం మందికి కారణం శుక్లాలు, మరో 16 శాతం మందికి కేవలం సరైన అద్దాలు లేకపోవడం. అంటే అంధుల్లో సగానికి మించినవాళ్లు ఒక చిన్న ఆపరేషన్‌తోనో, ఒక కళ్లజోడుతోనో చూడగలిగినవాళ్లు. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ - ఈ నాలుగు చోట్లా అధ్యయనం జరిగింది. సీమ జిల్లా ఒక్కటీ అందులో లేదన్నది గమనించాలి. కరువు సంగతిలో ముందు గుర్తొచ్చే సీమ, కొలతల సంగతి వచ్చేసరికి తరచు ఇలాగే పక్కకు పోతుంది.

తర్వాత 2015-19 మధ్య దేశవ్యాప్తంగా జాతీయ అంధత్వ సర్వే జరిగింది. యాభై దాటినవారిలో అంధత్వానికి మొదటి కారణం ఇప్పటికీ ఆపరేషన్ జరగని శుక్లమే, 66.2 శాతం. రెండోది నల్లగుడ్డు మీది మచ్చ, 7.4 శాతం. మూడో కారణం ఏమిటో చదివినప్పుడు ఎవరికైనా గుండె కలుక్కుమనాలి. శుక్లాల ఆపరేషన్‌లో వచ్చిన చిక్కులు, 7.2 శాతం. చూపు తెప్పించడానికి చేసిన పనే చూపు పోవడానికి మూడో కారణమైంది. ఏటా 60 లక్షలకు పైగా శుక్లాల ఆపరేషన్లు జరిగే దేశంలో కొంత నష్టం తప్పదని సర్దిచెప్పవచ్చు. కానీ ఆ నష్టం ఎక్కడ, ఎవరి చేతిలో, ఏ కారణంగా జరుగుతోందో తెలియాలంటే ఆపరేషన్ తర్వాతి చూపును నమోదు చేసి ఉండాలి. లక్ష్యం అంతా సంఖ్య మీదే ఉన్నప్పుడు, స్వచ్ఛంద సంస్థకు డబ్బు ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని లెక్కగట్టి ఇస్తున్నప్పుడు, ఆ నమోదు మీద శ్రద్ధ ఎవరికుంటుంది?

ఆపరేషన్ బాగా జరిగినా చూపు బాగా రాకపోవడానికి మామూలు కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సరిదిద్దగలిగేవే. లోపల పెట్టే కటకం నంబరు ఒక్కో కంటికి ఒక్కోలా ఉంటుంది. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు యంత్రంతో కొలిచి లెక్కగట్టాలి. ఆ కొలత సరిగా చేయకపోతే కటకం ఉన్నా మసకే. దూరపు చూపు సరిపోయినా దగ్గరి పనికి అద్దాలు కావాల్సిందే, ఎందుకంటే మామూలు కటకం ఒక దూరానికే పనిచేస్తుంది. ఈ ముక్క చెప్పి కళ్లజోడు చేతికివ్వకపోతే, ఆపరేషన్ చేయించుకున్నా సూదిలో దారం ఎక్కడం లేదని పెద్దామె గొణుక్కుంటుంది. ఆమె గొణుగుడులో తప్పేమీ లేదు. ఇంకొందరికి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మసక కమ్ముతుంది. పొర మళ్లీ వచ్చిందని, డబ్బు దండగైందని అనుకుంటారు. నిజానికి అది కటకం వెనక మిగిల్చిన సంచి మసకబారడం. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో, కోత లేకుండా సరిచేస్తారు. ఎంతమంది పల్లెటూరి మనుషులకు ఈ సంగతి ఎవరైనా చెప్పారు? శిబిరం ఎత్తేసి వెళ్లిపోయిన వ్యాను రెండేళ్ల తర్వాత వచ్చి చెప్పదు కదా.

ఇన్ఫెక్షన్ సంగతి వేరు. అది అరుదు, వస్తే మాత్రం కన్ను దక్కకపోవచ్చు. 2021 నవంబరులో బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఒకే రోజు అరవై మందికి పైగా ఆపరేషన్లు చేసి, చాలామంది కళ్లు తీసేయాల్సి వచ్చిన ఘోరం దేశమంతా చూసింది. ఒక బల్ల మీద ఒక రోజులో ఎన్ని చేశామన్నది గొప్పగా చెప్పుకునే సంస్కృతి ఉన్నంతకాలం ఇలాంటివి మళ్లీ జరుగుతాయి. వేగంగా చేయడమే తప్పని కాదు. మదురైలోని అరవింద్ ఆసుపత్రిలో రోజంతా వరుసగా ఆపరేషన్లు జరుగుతాయి. అక్కడ వేగానికి తోడు క్రిమిశుద్ధికి, ఫలితాల నమోదుకు అంతే కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. మన శిబిరాలు వేగాన్ని అనుకరించాయి, నమోదును వదిలేశాయి.

బెలుం చుట్టూ ఉన్న ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది, దాన్ని మామూలు శిబిరం పట్టించుకోదు. ఇది రాతి సీమ. కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. ఆళ్లగడ్డలో శిల్పుల వీధులు, తెల్లారింది మొదలు ఉలి చప్పుడే. ఉలి దెబ్బకు ఎగిరిన రవ్వ కంట్లో గుచ్చుకుంటే నలభై ఏళ్ల లోపే శుక్లం రావచ్చు, నల్లగుడ్డు మీద మచ్చ మిగలవచ్చు. కేసీ కాలువ కింద వరి కోతలప్పుడు గింజో ఆకు అంచో కంటికి కొడితే అది పుండై, బూజు పట్టి, చూపు తీసేదాకా వెళ్తుంది. అరవై దాటినవాళ్లకే శుక్లాలని లెక్క వేసుకుని శిబిరం పెడితే ఈ మనుషులు ఆ లెక్కలోకే రారు. పైగా వీళ్లలో చాలామంది కన్ను ఎర్రబడగానే మందుల షాపుకు వెళ్లి చుక్కల సీసా కొంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే మంట వెంటనే తగ్గుతుంది కాబట్టి దాన్నే నెలల తరబడి వాడతారు. స్టెరాయిడ్ చుక్కలు శుక్లాన్నీ తెస్తాయి, నీటికాసులనూ తెస్తాయి. ఎండ సంగతి సరేసరి. అమెరికాలో చెసపీక్ తీరపు జాలర్ల మీద 1988లో వెలువడిన అధ్యయనం, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎక్కువ తగిలినవారికి ఒక రకం శుక్లం ఎక్కువగా వస్తుందని చూపించింది. టోపీ, కళ్లద్దాలు అక్కడ ఫ్యాషన్ కావచ్చు, పైకప్పు లేని నాపరాయి గనిలో మాత్రం అవి పనిముట్లే. పొగ, బీడీ, చక్కెర వ్యాధి కూడా శుక్లాన్ని ముందుకు జరిపేవే. కాబట్టి ఈ ప్రాంతానికి కావలసింది ఏటా ఒకసారి వచ్చి పోయే వ్యాను కన్నా, గాయమైన రోజునే వెళ్లగల చోటు.

శిబిరాలను ఇంతగా తప్పుపట్టడం భావ్యమా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి దేశంలో అంధత్వం తగ్గుతూ వచ్చింది. 2006-07లో నూటికి ఒకరుంటే 2015-19 సర్వే నాటికి 0.36 శాతమైంది. శిబిరాలు లేకపోతే ఇది జరిగేది కాదు, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మధ్యలో 2017లో అంధత్వ నిర్వచనం మారింది. అంతకుముందు ఆరు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టలేనివాళ్లను అంధులనేవాళ్లం, ఇప్పుడు మూడు మీటర్ల దూరంలో లెక్కపెట్టలేనివాళ్లనే అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంతో కలపడానికి చేసిన మార్పే అయినా, తగ్గుదలలో కొంత భాగం దాని పుణ్యమే. రెండోది, గుడ్డివాళ్లు ఎక్కువగా, ఆసుపత్రులు తక్కువగా ఉన్నప్పుడు సంఖ్యే ముఖ్యం కావడం సహజం. ఆ దశ దాటాక కూడా అదే కొలబద్ద పట్టుకుని కూర్చుంటే, ఇక మిగిలిన పని దానికి కనిపించదు.

ప్రభుత్వ పథకాల మాటకొస్తే, 60 దాటిన అవ్వాతాతల కోసం వైఎస్సార్ కంటి వెలుగు మూడో విడతను 2020 ఫిబ్రవరి 18న కర్నూలులోనే ప్రారంభించారు. నంద్యాల అప్పటికి ఆ జిల్లాలో భాగమే. కళ్లు పరీక్షించడం, అద్దాలు చేతికివ్వడం మంచి ఆలోచన. నెల తిరగకముందే కరోనా వచ్చి దాని నడకను దెబ్బతీసింది. ఇందులో పార్టీల వాదులాట నాకు అనవసరం. ఒక పథకం వచ్చి ఆగిపోతుంది, ఇంకో ప్రభుత్వం ఇంకో పేరుతో మొదలుపెడుతుంది. మనిషి కన్ను మాత్రం ఎన్నికల క్యాలెండరు చూసి మసకబారదు. అందుకే పథకం కన్నా, ఏ ప్రభుత్వం వచ్చినా తలుపు తెరిచి ఉండే చోటు ముఖ్యం.

అలాంటి చోటు ఎలా ఉంటుందో తెలుగు నేలే చూపించింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ఎల్వీ ప్రసాద్ సంస్థ మొదలుపెట్టి, 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కంటి కేంద్రం తెరిచారు. ఆ అనుభవం నుంచి అంచెల పద్ధతి పుట్టింది. సుమారు యాభై వేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రం, అక్కడ శిక్షణ పొందిన స్థానిక యువతో యువకుడో చూపు పరీక్షించి అద్దాలిస్తారు, అనుమానం ఉన్నవాళ్లను పైకి పంపుతారు. ఐదు లక్షల జనాభాకు ఆపరేషన్ చేసే ఆసుపత్రి, అంతకు మించినవి పెద్ద ఆసుపత్రికి. ఈ పద్ధతిలో ఆపరేషన్ చేయించుకున్న మనిషి తిరిగి అదే ఊరి కేంద్రానికి వస్తాడు, నెలన్నరకు అతని చూపు ఎంతో నమోదవుతుంది, లేజర్ అవసరమైతే ఎవరో ఒకరు చెబుతారు. బెలుం నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు పైమాటే. కొలిమిగుండ్లలోనో కోవెలకుంట్లలోనో అలాంటి కేంద్రం ఉంటే మొదటి మెట్టుకు అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఫలితాలు లెక్కపెడితే డాక్టర్లు కష్టమైన కళ్లను ముట్టుకోరు అన్నది నేను తేలిగ్గా తీసుకోని అభ్యంతరం. మార్కుల కోసం పైతరగతికి పంపకుండా ఆపేసే బడులను మనం చూశాం. కంటి వెనక ముందే జబ్బున్న కేసులను వేరుగా నమోదు చేస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. అంకెలను డాక్టరును శిక్షించడానికి కాక, ఆసుపత్రి తనను తాను దిద్దుకోవడానికి వాడాలి. పేదవాళ్లు మళ్లీ పరీక్షకు రారు, కూలి పోతుంది అంటారు. నిజమే, అందుకే ఆ పరీక్ష ఊళ్లోనే జరగాలి. ఆరు మీటర్ల దూరంలో చార్టు తగిలించి వరసలు చదివించడానికి డాక్టరు అక్కర్లేదు. చదువురానివాళ్ల కోసం ఏ పక్కకు తిరిగి ఉందో చెప్పే ఇంగ్లిషు E అక్షరం చార్టు ఉంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉన్న ఏఎన్‌ఎం పావుగంటలో చేయగలదు.

ఈ వయసులో నాకెందుకీ కళ్లు, పిల్లలకు ఖర్చు అనే మాట అన్నిటికన్నా మొండిది, ఎక్కువగా ఆడవాళ్ల నోట వినిపించేది. జాతీయ సర్వేలో కూడా అంధత్వం ఆడవాళ్లలో, చదువు లేనివాళ్లలో, పల్లెల్లో ఎక్కువగా తేలింది. ఇంట్లో తండ్రికి పొర వస్తే బండి కట్టించినవాళ్లు తల్లికొస్తే చూద్దాంలే అంటారు. ఆమె బయటికి వెళ్లి సంపాదించేది లేదు కదా అన్నది పైకి చెప్పని లెక్క. ఆ లెక్క తప్పు. కెన్యా, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ దేశాల్లో ఆపరేషన్ అయినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, ఇంటి పనిలోనూ సంపాదన పనిలోనూ వాళ్లు గడిపే సమయం పెరిగింది. మొదటి కంటికి త్వరగా ఆపరేషన్ అయిన వృద్ధ మహిళలు కింద పడటం మూడోవంతు తగ్గిందని ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ అధ్యయనం 2005లో చూపించింది. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలితల్లికి అయ్యే ఖర్చు ముందు కంటి ఆపరేషన్ ఖర్చు ఎంత?

2021లో ప్రపంచ ఆరోగ్య సభ దేశాలన్నిటికీ ఒక లక్ష్యం పెట్టింది. అది ఆపరేషన్ల సంఖ్య కాదు. శుక్లం ఉన్నవారిలో ఎంతమందికి ఆపరేషన్ జరిగి, తర్వాత మంచి చూపు వచ్చిందన్న శాతం. 2030 నాటికి దాన్ని 30 శాతం పాయింట్లు పెంచాలి. మంచి చూపంటే ఆరోగ్యమైన కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం. నంద్యాల జిల్లాలో ఆ శాతం ఇప్పుడెంతో జిల్లా యంత్రాంగం మండలాలవారీగా ప్రకటించాలి. వచ్చేసారి మీ ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన నాయకుణ్ని పోయినసారి ఆపరేషన్ అయినవాళ్లలో ఎంతమంది ఆ వరస చదవగలుగుతున్నారని అడగండి. మీ ఇంట్లో అమ్మకో అవ్వకో పొర కమ్ముతుంటే మాత్రం ఆ జవాబు కోసం ఆగకుండా ఈ వారమే చూపించండి.